గడువు తీరకముందే చెప్పవలసిన మాట

(అద్దె ఇళ్లలో నివసించే కుటుంబాల కోసం హైదరాబాదులో జరిగిన అవగాహన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

 

మైనారిటీ హక్కుల పేరిట జరిగే సభలలో సాధారణంగా పెద్ద విషయాలే చర్చకు వస్తాయి. రిజర్వేషన్లు, వక్ఫ్ భూములు, ఉపకార వేతనాలు, చట్టసభలలో ప్రాతినిధ్యం వంటివి. ఈరోజు మేము ఎంచుకున్న విషయం వాటి పక్కన చాలా చిన్నదిగా కనబడవచ్చు. అద్దె ఒప్పందం గడువు ముగియవస్తున్నప్పుడు, ఆ ఇంట్లో ఇంకా ఉంటామా, ఖాళీ చేస్తామా అన్న సంగతిని యజమానికి ఎప్పుడు చెప్పాలి, ఏ రూపంలో చెప్పాలి? ఇంతే విషయం. అద్దె వివాదాలలో సలహా కోసం మా దగ్గరకు వచ్చే కుటుంబాల కాగితాలు చూస్తున్నకొద్దీ మాకు ఒకటి స్పష్టమయింది. గొడవ ముదిరిన తరువాత వకీలు చేయగలిగేది కొంచెమే. గడువుకు రెండు నెలల ముందు రాసిన ఒక్క ఉత్తరం చేయగలిగేది చాలా ఎక్కువ.

ఈ జాగ్రత్త ప్రతి కిరాయిదారుకూ అవసరమే. మనకు మరింత అవసరం. ఎందుకో ముందుగా మనవి చేస్తాము.

మనకు సమయమే మూలధనం

జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006 నవంబరులో సమర్పించిన నివేదికలో చదువు, ఉద్యోగాల గణాంకాల గురించి అందరూ మాట్లాడుకున్నారు. ఇళ్ల గురించి అదే నివేదిక చెప్పిన మాట అంతగా ప్రచారంలోకి రాలేదు. తమకు నచ్చిన ప్రాంతంలో ఇల్లు కొనడానికైనా, అద్దెకు తీసుకోవడానికైనా ముస్లింలు ఇబ్బంది పడుతున్నారనీ, భద్రత కోసం ఒకే చోట గుంపుగా బతకవలసి వస్తున్నదనీ ఆ నివేదిక నమోదు చేసింది. మనకు ఇది నివేదిక చదివి తెలుసుకోవలసిన సంగతి కాదు. ఫోనులో ఇల్లు ఖాళీగా ఉందన్నవారు పేరు వినగానే నిన్ననే ఇచ్చేశామనడం, బ్రోకరు ముందుగానే ‘ఆ అపార్టుమెంటులో మీవాళ్లకు ఇవ్వరు సాబ్’ అని చెప్పడం ఈ సభలో చాలామందికి అనుభవమే.

దీనికి చట్టంలో సూటియైన మందు లేదు. రాజ్యాంగంలోని 15వ అధికరణం మతం ఆధారంగా పౌరుల మధ్య వివక్ష చూపరాదని ప్రభుత్వాన్ని నిషేధిస్తుంది. దుకాణాలు, హోటళ్లు, బావులు, రోడ్ల వంటి చోట్ల ప్రవేశానికి అడ్డు చెప్పరాదని కూడా అంటుంది. ఒక వ్యక్తి తన ఇంటిని ఎవరికి అద్దెకు ఇవ్వాలన్న నిర్ణయాన్ని మాత్రం అది నేరుగా ముట్టదు. 2005లో సుప్రీంకోర్టు జొరాస్ట్రియన్ సహకార గృహనిర్మాణ సంఘం కేసులో, సభ్యత్వాన్ని పార్సీలకే పరిమితం చేసుకున్న నిబంధనను సమర్థించింది. ఇల్లు ఇవ్వనన్న యజమానిని కోర్టుకు ఈడ్చే దారి నేటికీ మనకు దాదాపు మూసుకునే ఉంది.

అందువల్ల జరిగేదేమిటి? ఇతరులకు పది రోజులలో దొరికే ఇల్లు మనకు నెలన్నర పట్టవచ్చు. టోలిచౌకి, మెహదీపట్నం, మలక్‌పేట వంటి చోట్ల మనవారి ఇళ్లకు ఉన్న గిరాకీకి కారణం ఇదే. గడువు ముగిసిన మరునాడు యజమాని ‘ఖాళీ చేయండి’ అంటే, అందరికంటే ఎక్కువగా నలిగిపోయేది మనమే. కాబట్టి యజమాని మనసులో ఏముందో నెలల ముందే తెలుసుకోవడం మనకు ప్రాణావసరం. ఆయన మనసు తెలుసుకోవడానికి మర్యాదయైన, తేలికయైన ఉపాయం, ముందుగా మన ఉద్దేశం ఆయనకు చెప్పడం. మనం చెబితే ఆయన కూడా జవాబు చెప్పవలసి వస్తుంది. మనం మౌనంగా ఉంటే ఆయన కూడా మౌనంగా ఉంటారు. ఆ మౌనం ఎవరికి చేటు చేస్తుందో మీరే ఊహించండి.

పదకొండు నెలల కాగితం

ఇప్పుడు మన చేతిలో ఉన్న కాగితాన్ని చూద్దాం. స్టాంపు పేపరు మీద టైపు చేయించి, ఇద్దరు సాక్షుల సంతకాలతో, చాలాసార్లు నోటరీ ముద్రతో ఉండే ఆ ఒప్పందం దాదాపు అన్ని ఇళ్లలోనూ పదకొండు నెలలకే ఉంటుంది. పన్నెండు ఎందుకు కాదు? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 107వ సెక్షను, 1908 నాటి రిజిస్ట్రేషను చట్టంలోని 17వ సెక్షను కలిపి చదివితే, ఏడాదికి మించిన లీజును తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చు, ఆ తిరుగుడు తప్పించుకోవడానికి దేశమంతటా పదకొండు నెలల ఆచారం ఏర్పడింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో వచ్చిన సవరణ ఏడాది లోపు లీజులను కూడా రిజిస్ట్రేషను పరిధిలోకి తెచ్చింది. అయినా ఆచారం మారలేదు. నోటరీ ముద్ర ఉంటే రిజిస్టరు అయినట్టేనని చాలామంది నమ్ముతున్నారు. అది నిజం కాదు. రిజిస్టరు కాని ఒప్పందంలోని షరతులను కోర్టు యథాతథంగా సాక్ష్యంగా స్వీకరించదు. అటువంటి అద్దెను సాధారణంగా నెలవారీ అద్దెగానే చూస్తుంది.

నెలవారీ అద్దె అంటే ఏమిటి? అదే చట్టంలోని 106వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం గాని, వేరే స్థానిక చట్టం గాని లేనప్పుడు, నివాస గృహం అద్దెను నెలవారీ అద్దెగా భావిస్తారు. ఏ పక్షమైనా పదిహేను రోజుల నోటీసుతో దానిని ముగించవచ్చు. ఆ పదిహేను రోజులు నోటీసు అందిన నాటి నుండి మొదలవుతాయి. నోటీసు రాతపూర్వకంగా ఉండాలి, ఇచ్చేవారి తరఫున సంతకం ఉండాలి.

మరి కిరాయిదారులను కాపాడే ప్రత్యేక చట్టం లేదా అని అడుగుతారు. తెలంగాణలో 1960 నాటి భవనాల అద్దె నియంత్రణ చట్టం ఉంది. చట్టంలో చెప్పిన కారణాలు ఉంటే తప్ప ఖాళీ చేయించరాదని అది రక్షణ ఇస్తుంది. కాని 2005 సవరణ తరువాత మున్సిపల్ కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలు మించిన అద్దె ఇళ్లు దాని రక్షణకు వెలుపలికి పోయాయి. ఈనాడు హైదరాబాదులో అంతకు తక్కువ అద్దెకు దొరికే ఇల్లు ఎక్కడుంది? ఆంధ్రప్రదేశ్ పాత చట్టాన్ని పక్కన పెట్టి 2017లో కొత్త అద్దె చట్టం తెచ్చుకుంది. కాబట్టి విజయవాడ, గుంటూరు, కర్నూలు నుండి వచ్చిన మిత్రులు తమ ఒప్పందాన్ని ఆ చట్టం వెలుగులో చూపించుకోవాలి. హైదరాబాదులో మాత్రం మనలో అత్యధికులకు మిగిలిన ఆధారం రెండే: చేతిలోని ఒప్పందం, 1882 నాటి ఆ పాత చట్టం.

గడువు ముగిస్తే ఏమవుతుంది

ఒక ఉదాహరణ చెప్పుకుందాం. జులై 1న మొదలైన పదకొండు నెలల ఒప్పందం మే 31తో ముగుస్తుంది. నిర్ణీత గడువు ఉన్న లీజు ఆ గడువు తీరగానే దానంతట అదే ముగుస్తుందని 111వ సెక్షను చెబుతుంది. దానికి ప్రత్యేకంగా నోటీసు అక్కరలేదు. ఎందుకు పొడిగించడం లేదో యజమాని కారణం చెప్పనవసరం లేదు. ‘మా అబ్బాయి వస్తున్నాడు’ అన్నా సరే, ఏమీ అనకపోయినా సరే. ‘ఇన్నేళ్లు ఒక్క నెల కూడా బాకీ పెట్టలేదు గదా’ అన్న మాట నైతికంగా ఎంత బలమైనదైనా, పొడిగించమని ఆయనను బలవంతం చేయడానికి పనికిరాదు.

ఇప్పుడు ఇరువురూ ఏమీ మాట్లాడుకోలేదనుకుందాం. జూన్ 5న మనం ఎప్పటిలాగే ఫోను ద్వారా అద్దె పంపాము, ఆయన తీసుకున్నారు. అప్పుడు 116వ సెక్షను వర్తిస్తుంది. గడువు ముగిసిన తరువాత కూడా యజమాని సమ్మతితో, అద్దె చెల్లిస్తూ ఉంటే, ఆ అద్దె నెలవారీ పద్ధతిలో కొనసాగినట్టు భావిస్తారు. చాలామంది దీనిని మరో పదకొండు నెలలు దొరికినట్టుగా పొరబడుతున్నారు. దొరికినవి పదకొండు నెలలు కావు, పదిహేను రోజుల నోటీసుతో కదలిపోయే ఇల్లు. పిల్లలను అదే పేటలోని బడిలో చేర్చి ఫీజు కట్టేశాక, ఆగస్టులో నోటీసు వస్తే మనం చేయగలిగింది లేదు.

మూడో సంగతి ఇంకా కష్టమైనది. యజమాని అద్దె తీసుకోలేదు, ఉండమనలేదు, మనం మాత్రం ఖాళీ చేయలేదు. అప్పుడు మన నివాసానికి ఆయన సమ్మతి లేదు గనుక నష్టపరిహారం అడిగే హక్కు ఆయనకు వస్తుంది. గడువు దాటి ఉంటే రెట్టింపు అద్దె అన్న వాక్యం చాలా ఒప్పందాలలో చిన్న అక్షరాలతో ఉంటుంది. అడ్వాన్సు అందులోనే కరిగిపోతుంది.

మూడు దారులు, మూడు మాటలు

గడువు దగ్గరపడినప్పుడు ఏ కుటుంబానికైనా మూడే దారులు ఉంటాయి. ఉండాలనుకోవడం, వెళ్లాలనుకోవడం, ఇంకా తేలకపోవడం.

ఉండాలనుకునేవారు కనీసం రెండు నెలల ముందు ఆ మాట చెప్పాలి. ఒప్పందంలో పొడిగింపు గురించి ఏముందో ముందుగా చదవాలి. ‘ఉభయుల అంగీకారంతో పొడిగించవచ్చు’ అని ఉంటే అది మనకు హక్కు ఇవ్వదు, యజమాని ఒప్పుకోవాలి. ‘కిరాయిదారు కోరిన పక్షంలో పొడిగించాలి’ అని ఉంటే అది హక్కు. కాని అందులో చెప్పిన తేదీలోగా, చెప్పిన పద్ధతిలో కోరితేనే ఆ హక్కు పనిచేస్తుంది. అద్దె పెంపు ఎంతో కూడా అప్పుడే మాట్లాడుకోవాలి. ఒప్పందంలో ఐదు శాతం అనో, పది శాతం అనో ఉంటే దానిని గుర్తు చేయాలి. మాట కుదిరిన తరువాత ‘పాతదే నడుస్తుంది లెండి’ అనుకోకుండా కొత్త తేదీలతో కొత్త ఒప్పందం రాయించుకోవాలి. వీలైతే రిజిస్టరు చేయించుకోవాలి. ఆ ఖర్చును ఇద్దరూ చెరి సగం పెట్టుకోవడం న్యాయం.

వెళ్లాలనుకునేవారు ఒప్పందంలో ఎంత నోటీసు రాసి ఉందో అంతకు తగ్గకుండా ఇవ్వాలి. సాధారణంగా అది ఒక నెల గాని, రెండు నెలలు గాని ఉంటుంది. గడువుతోనే ముగిసే లీజుకు నోటీసు అక్కరలేదు గదా అని ఎవరైనా వాదించవచ్చు. చట్టరీత్యా ఆ వాదనలో బలం ఉంది. అయినా నోటీసు ఇవ్వలేదన్న సాకుతో ఒక నెల అద్దె అడ్వాన్సులో కోసుకునే అవకాశాన్ని యజమానికి మన చేతులతో ఎందుకు ఇవ్వాలి? నిర్ణీత కాలం లోపు ఖాళీ చేయరాదన్న లాకిన్ షరతు కొన్ని ఒప్పందాలలో ఉంటుంది. దాని తేదీ దాటిందో లేదో చూసుకోవాలి.

ఇంకా తేలనివారి పరిస్థితి నిజంగా ఇబ్బందికరమైనది. ఉద్యోగం బదిలీ కావచ్చు, కాకపోవచ్చు. కొనుక్కున్న ఫ్లాటు బిల్డరు అప్పగించవచ్చు, ఆలస్యం చేయవచ్చు. ఇటువంటివారు తేలేదాకా చెప్పకుండా ఉండిపోతారు. మా సలహా ఏమంటే, తేలలేదన్న సంగతినే చెప్పండి. రెండు నెలలో, మూడు నెలలో స్వల్పకాలానికి పొడిగించమని, ఫలానా తేదీలోగా చివరి మాట చెబుతామని రాయండి. ఒప్పుకునే యజమానులు ఉన్నారు. ఒప్పుకోకపోతే ఆ సంగతి కూడా ముందే తెలుస్తుంది.

తేదీలు చూసుకునేటప్పుడు మన జీవనక్రమాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. రంజాను మాసం ప్రతి ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఉపవాసాలలో సామాను మోసుకుంటూ ఇల్లు మారవలసి రావడం ఎంత కష్టమో మన ఇంటి ఆడవారిని అడిగితే చెబుతారు. బడులు తెరిచేది జూనులో. ఆషాఢంలో హిందూ కుటుంబాలు కొత్త ఇళ్లలో చేరడం తగ్గుతుంది. శ్రావణం రాగానే గిరాకీ పెరుగుతుంది. టు-లెట్ బోర్డులు ఎప్పుడు ఎక్కువగా కనబడతాయో, ఎప్పుడు బేరం కుదురుతుందో ఈ లెక్క తెలిసినవారికి తెలుస్తుంది. కొత్త ఒప్పందం రాయించుకునేటప్పుడే గడువు మనకు అనుకూలమైన నెలలో ముగిసేటట్టు అడగవచ్చు. పదకొండు నెలలే ఉండాలన్న శాసనం ఏదీ లేదు.

మాట ముందు, కాగితం తరువాత

‘ఆయన మాకు బాబాయి లాంటివారు, కాగితం పంపితే బాధపడతారు’ అని మాతో చాలామంది అంటారు. ఈ మాటలో నిజం ఉంది. కింద యజమాని, పైన కిరాయిదారు ఉండే ఇళ్లలో పండుగకు సేమ్యా ఖీరు పంపుకునే బంధం ఉంటుంది. వకీలు భాషలో నోటీసు వస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. అందుకే ముందు స్వయంగా వెళ్లి, కూర్చుని, నోటితో చెప్పాలి. ఆ తరువాత ‘మనం అనుకున్నది మరచిపోకుండా ఉండటానికి రాసి ఇస్తున్నాము’ అని కాగితం ఇవ్వాలి. రాయడం అపనమ్మకం కాదు. రేపు యజమాని కాలం చేసి, వ్యవహారం అమెరికాలో ఉన్న కుమారుడి చేతికి వస్తే, నోటిమాటకు సాక్షి ఎవరు?

ఉత్తరం పొడవుగా ఉండనక్కరలేదు. ఇలా రాస్తే చాలు:

‘గౌరవనీయులైన ఇంటి యజమాని గారికి. ఫలానా తేదీ నాటి ఒప్పందం ప్రకారం ఫలానా నంబరు ఇంట్లో మేము అద్దెకు ఉంటున్నాము. ఆ ఒప్పందం గడువు మే 31తో ముగుస్తుంది. ఆ తేదీన ఇల్లు ఖాళీ చేసి తాళాలు మీకు అప్పగించగలమని తెలియజేస్తున్నాము. మే నెల అద్దె యథాప్రకారం చెల్లిస్తాము. ఆ రోజు ఇంటిని మీరు చూసుకుని, మా అడ్వాన్సు తిరిగి ఇవ్వవలసిందిగా కోరుతున్నాము. ఈ ఉత్తరం అందినట్టు రెండో ప్రతిపై సంతకం చేయగలరు.’

ఉండాలనుకునేవారు నాలుగో వాక్యాన్ని మార్చుకోవాలి: ‘జూన్ 1 నుండి మరో పదకొండు నెలలు కొనసాగాలని కోరుతున్నాము. మీ అభిప్రాయాన్ని ఏప్రిల్ 15లోగా తెలియజేస్తే, కాదన్న పక్షంలో వేరే ఇల్లు వెతుక్కోవడానికి మాకు వ్యవధి ఉంటుంది.’ తాళాలు, అడ్వాన్సుల ప్రస్తావన అప్పుడు అక్కరలేదు. ఏప్రిల్ 15 అన్న ఆ తేదీ చాలా ముఖ్యం. జవాబుకు తేదీ అడగని ఉత్తరానికి జవాబు రాదు.

రెండు ప్రతులు తీసి, ఒకదానిపై అందినట్టు సంతకం చేయించుకోవాలి. సంతకం పెట్టడానికి ఇష్టపడకపోతే, అందిన రసీదు తిరిగి వచ్చే విధంగా తపాలాలో పంపాలి. ఉత్తరం ఫొటోను వాట్సాప్‌లో కూడా పంపి, ఆ సంభాషణను చెరపకుండా ఉంచాలి. వాట్సాప్ సహాయక సాక్ష్యంగా పనికి వస్తుంది, కాగితానికి బదులుగా మాత్రం దానిని ఎంచుకోవద్దు.

గల్ఫ్‌లో పనిచేస్తున్నవారి కుటుంబాలకు ఒక ప్రత్యేకమైన మాట. ఒప్పందం భర్త పేరున ఉంటుంది, ఆయన జెద్దాలోనో దుబాయిలోనో ఉంటారు, ఇక్కడ ఇల్లు నడిపేది భార్య. నోటీసును పార్టీ తరఫున మరొకరు సంతకం చేసి ఇవ్వవచ్చని 106వ సెక్షనే చెబుతుంది. కాబట్టి తన తరఫున భార్య వ్యవహరించవచ్చని ఆయన చేత రాతపూర్వకంగా తెప్పించుకుని ఉంచుకోవాలి. అదే సెక్షనులో మరొకటి ఉంది. యజమాని ఇచ్చే నోటీసును ఇంట్లోని కుటుంబ సభ్యులకు అందజేసినా అది చెల్లుతుంది. ‘సాబ్ ఊళ్లో లేరు, మాకు తెలియదు’ అని కవరు పక్కన పెడితే గడియారం ఆగదు. వచ్చిన ప్రతి కాగితాన్నీ అదే రోజు ఫొటో తీసి ఆయనకు పంపండి. కొత్త ఒప్పందం రాయించేటప్పుడు భార్య పేరు కూడా చేర్పించండి.

అడ్వాన్సు, సున్నం, తాళాలు

చెప్పి వెళ్లేవారికి కూడా ఎక్కువ గొడవ వచ్చేది అడ్వాన్సు దగ్గరే. మనవారిలో ఒక అలవాటు ఉంది. అడ్వాన్సు తిరిగి రాదేమోనన్న భయంతో చివరి రెండు నెలల అద్దె కట్టడం మానేస్తారు. యజమాని రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప అలా చేయకూడదు. అంతవరకు నిక్కచ్చిగా అద్దె కట్టినవారు ఆ రెండు నెలలతో బాకీదారుల జాబితాలో చేరతారు. పెయింటింగు, కరెంటు బిల్లు, మరమ్మతుల లెక్క తేల్చడానికి యజమాని చేతిలో ఏమీ ఉండదు గనుక ఆయన కూడా కఠినంగా మారతారు. సర్దుబాటు కావాలనుకుంటే ఆ మాటను నోటీసులోనే అడగండి.

ఇంటిని ఎటువంటి స్థితిలో అప్పగించాలో 108వ సెక్షను చెబుతుంది. తీసుకున్ననాటి మంచి స్థితిలోనే ఇవ్వాలి. వాడకం వల్ల సహజంగా వచ్చే అరుగుదలకు మాత్రం మినహాయింపు ఉంది. మూడేళ్లు కాపురమున్న గోడకు రంగు వెలిసిపోవడం సహజమైన అరుగుదల. విరిగిన వాష్‌బేసిను, పగిలిన కిటికీ అద్దం సహజమైనవి కావు. అయితే ‘ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె పెయింటింగుకు మినహాయిస్తారు’ అని ఒప్పందంలో మనమే సంతకం చేసి ఉంటే, సహజమైన అరుగుదల వాదన బలహీనపడుతుంది. ఆ వాక్యాన్ని సంతకానికి ముందే చూడాలి. మనం బిగించుకున్న ఫ్యాన్లు, గీజరు, కప్‌బోర్డు తలుపులు ఇల్లు అప్పగించేలోపే, ఇంటికి నష్టం కలగకుండా తీసుకుపోవచ్చు.

అప్పగించే రోజున ప్రతి గదినీ వీడియో తీయండి. కరెంటు మీటరు రీడింగును ఫొటో తీసి, ఆనాటి వరకు బిల్లు కట్టండి. తాళాలు వాచ్‌మన్‌కు ఇచ్చి వెళ్లకండి. యజమానికే ఇచ్చి, ‘తాళాలు అందాయి, అడ్వాన్సు ఇంత తిరిగి ఇచ్చాను’ లేదా ‘ఇంత ఇవ్వవలసి ఉంది’ అని రెండు ముక్కలు రాయించుకోండి. కొత్త చిరునామాతో ఓటరు జాబితాలో పేరు మార్పుకు 8వ నంబరు ఫారం ఇవ్వడం మరవకండి. ఇల్లు మారిన ప్రతిసారీ ఓటు పోగొట్టుకుంటే, ఇళ్లు మారుతూ బతికే సమాజానికి మిగిలేదేమీ ఉండదు.

బలవంతం జరిగితే

పొడిగించకపోవడం యజమాని హక్కు అన్నాము. బలవంతంగా వెళ్లగొట్టడం హక్కు కాదు. గడువు ముగిసిన తరువాత కూడా కిరాయిదారును కోర్టు ద్వారానే ఖాళీ చేయించాలి. సామాను వీధిలో పెట్టి తాళం వేసుకుంటే, 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టంలోని 6వ సెక్షను ప్రకారం, ఆరు నెలలలోగా దావా వేసి స్వాధీనం తిరిగి పొందవచ్చు. అక్కడ ఇంటిపై హక్కు ఎవరిదన్న ప్రశ్న రాదు. చట్టబద్ధమైన మార్గంలో కాకుండా వెళ్లగొట్టారా లేదా అన్నదే చూస్తారు. నీళ్లు, కరెంటు ఆపి విసిగించినా పోలీసులకు, కోర్టుకు ఫిర్యాదు చేయవచ్చు.

అయితే ఈ రక్షణను గడువు దాటి నెలల తరబడి కూర్చోవడానికి సాధనంగా వాడుకోవద్దని మా వినతి. ఒక కుటుంబం అలా చేస్తే, ఆ అపార్టుమెంటులో మరో ముస్లిం కుటుంబానికి ఇల్లు దొరకదు. ఒకరి నడత పేరిట అందరినీ శిక్షించడం అన్యాయమే. ఆ అన్యాయాన్ని మనం ఎదిరిస్తున్నాము. ఎదిరించే చేతికి శుభ్రమైన లెక్కలు బలం ఇస్తాయి.

ప్రభుత్వాన్ని ఏమి అడగాలి

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. అందులో నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించరాదని ఉంది. ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలని, అత్యవసర సౌకర్యాలు ఆపరాదని ఉంది. గడువు దాటి ఉండిపోయిన కిరాయిదారు మొదటి రెండు నెలలు రెండింతలు, ఆపైన నాలుగింతలు అద్దె చెల్లించాలని కూడా ఉంది. అంటే గడువు నాటి మాటకు విలువ ఇంకా పెరగబోతున్నది. ఇటువంటి చట్టం ఇక్కడికి వచ్చేటప్పుడు మన కోరికలు మూడు ఉండాలి. పొడిగించే ఉద్దేశం ఉందో లేదో గడువుకు అరవై రోజుల ముందు యజమాని కూడా రాతపూర్వకంగా చెప్పాలి. చిన్న అద్దెల ఒప్పందాల రిజిస్ట్రేషను నామమాత్రపు రుసుముతో, వార్డు స్థాయిలో జరగాలి. మతం, కులం పేరిట అద్దె నిరాకరించడాన్ని చట్టం నిషేధించాలి.

ఈ మూడో కోరిక కోరేముందు మనలో ఇళ్లు ఉన్నవారితో ఒక మాట చెప్పాలి. పాతబస్తీలోనూ, టోలిచౌకిలోనూ అద్దెకు ఇచ్చే ఇళ్లు మనవారివి ఎన్నో ఉన్నాయి. భర్త లేని స్త్రీకి, ఒంటరిగా ఉద్యోగం చేసుకునే అమ్మాయికి, దళిత కుటుంబానికి ఆ తలుపులు తెరుచుకుంటున్నాయా? గడువు ముగిసేముందు మనం కూడా మన కిరాయిదారుకు రెండు నెలల వ్యవధి ఇచ్చి చెబుతున్నామా? అడ్వాన్సు తాళాలు తీసుకున్న రోజే తిరిగి ఇస్తున్నామా? ఇతరుల నుండి మనం కోరే నీతి మన గుమ్మం దగ్గర కనబడాలి.

చివరిగా మీ అందరితో చేయించదలచుకున్న పని ఒకటి ఉంది. ఈ రాత్రి ఇంటికి వెళ్లగానే బీరువాలోని ఒప్పందాన్ని బయటకు తీయండి. గడువు ముగిసే తేదీని, దానికి అరవై రోజుల ముందు వచ్చే తేదీని గోడమీది కాలెండరులో రాయండి. నోటీసు గురించి, పెంపు గురించి, పెయింటింగు గురించి ఉన్న వాక్యాల కింద గీత గీయండి. అర్థం కాని వాక్యం ఉంటే ఆ కాగితంతో మా దగ్గరకు రండి, కలిసి చదువుదాం. ఒప్పందం అసలు లేనివారు కూడా రండి. వారికి ఈ ప్రసంగం మరింత అవసరం.